గొంతుకు మందు కొట్టిన గన్

"భాయ్, కౌన్సా గన్ లేనా బోలో" అని సూర్యాపేట నుంచి ఉస్తాద్ ఫోన్ చేసిన రోజు నా దగ్గర జవాబు లేదు.

సంగతి ఇది. మిర్యాలగూడలో మా అమ్మీ బావర్చీఖానాకు 2010లో ప్లైవుడ్ అల్మారీలు పెట్టించాం. మెరూన్ రంగు షట్టర్లు. పొయ్యి పక్క షట్టర్లకు నూనె జిడ్డు పట్టింది, సింకు కింద ఉన్నవాటికి నీళ్లు తగిలి రంగు పొక్కులు లేచింది. ప్లై మాత్రం గట్టిగానే ఉంది. గట్టిగా ఉన్నదాన్ని పీకి పారేసి కొత్తవి చేయిస్తే ఇస్రాఫ్ కాదా? రంగు మార్పిద్దామనుకున్నాం. జాన్‌పహాడ్ ఉర్సుకు చుట్టాలు దిగేలోపు పని అయిపోవాలని అమ్మీ హుకుం. నేనుండేది కోదాడలో. పనికి కుదిరిన ఉస్తాద్ సూర్యాపేటవాడు, మా మర్హూమ్ పెద్ద మామూ దగ్గర షాగిర్దుగా పని నేర్చుకున్నవాడు. ఆయన పాత గన్ వాషర్లు అరిగిపోయాయి. కొత్తది కొనాలి. ఏది కొంటే మంచిదో చదివి చెప్పమన్నాడు. నేను గన్‌ల ధరలు చూద్దామని మొదలుపెట్టి నూటముప్పై ఏళ్లు వెనక్కి పోయాను. అక్కడ దొరికిన తారీఖ్ ఇది.

ముందు మన ఇళ్ల సంగతి. మా దాదీ కాలంలో బావర్చీఖానాలో అల్మారీల వరస అనేదే లేదు. గోడలో తాక్‌లు, మూలకు కట్టెల పొయ్యి, పైన పొగచూరిన దూలాలు. చెక్క సామాను అంటే ఒక్క నేమత్‌ఖానా. ఈ తరం పిల్లలు ఆ మాట విని ఉండరు. నాలుగు కాళ్ల చిన్న చెక్క బీరువా, తలుపులకూ పక్కలకూ సన్నటి ఇనుప జాలీ. లోపల పాలు, రాత్రి సాలన్, మిగిలిన రోటీలు. గాలి ఆడుతుంది, పిల్లి దూరదు. చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు. ఫ్రిజ్ వచ్చాక నేమత్‌ఖానాలు వరండాల్లోకి, అక్కడి నుంచి కబాడీ బండ్లలోకి పోయాయి. అమ్మీ దగ్గర ఒకటి మిగిలింది, ఆకుపచ్చ ఎనామిల్‌తో. (అల్మారీ అన్న మాటను మనం ఉర్దూ అనుకుంటాం. అది పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిన మాట.)

మంచి సామాను అయితే ఎనామిల్ వేసేవాళ్లు కాదు, చప్డా పట్టించేవాళ్లు. చప్డా అంటే లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే జిగురును గోకి, కరిగించి, పలచటి రేకులుగా ఆరబెడతారు. ఆ రేకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని మెత్తని గుడ్డలో ముడిచి, ఆ ముడిని చెక్క మీద గుండ్రంగా తిప్పుతూ రాస్తారు. ఒక పూత ఆరాక ఇంకొకటి, ఇరవై ముప్పై పూతలు. మామూ మొదట నేర్చుకున్నది ఈ హునరే. ఆయన వేలి గోళ్లు ఎప్పుడూ గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగోధుమ రంగులో ఉండేవి. హైదరాబాద్ లాడ్‌బజార్‌లో మన కారీగర్లు దుల్హన్ చేతికి రాళ్లు పొదిగి చేసే చూడీలు కూడా ఈ లాఖ్‌వే. వాటికి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. దవా గోలీల మీద, మిఠాయిల మీద మెరుపుకు వేసే పూతల్లోనూ లక్క ఉంటుంది. పురుగుది కదా, తినొచ్చా అని మీలో కొందరు అడుగుతారు. ఆ మస్‌లా ఉలమాకు వదిలేస్తున్నా, నా పని చెక్క వరకే.

లక్క రంగు మన పాలకుల లెక్కల్లోకి కూడా ఎక్కింది. అక్బర్ దర్బారులో అబుల్ ఫజల్ రాసిన ఆయినె అక్బరీలో ఇళ్లు కట్టే సామాను దగ్గర వెదురు చిక్‌లకు పూసే లక్క కొలతలున్నాయి. ఎరుపు కావాలంటే నాలుగు సేర్ల లక్కకు ఒక సేరు షంగర్ఫ్. పసుపు కావాలంటే అంతే లక్కకు ఒక సేరు జర్నీఖ్. ఆ రెండు పేర్ల దగ్గర నేను ఆగిపోయాను. షంగర్ఫ్ అంటే పాదరసం ఉన్న ఖనిజం. జర్నీఖ్ అంటే సంఖియా, ఆర్సెనిక్, ఉన్న ఖనిజం. రెండూ జహరే. అంటే రంగులో విషం ఈనాటిది కాదు. కాకపోతే ఆ రంగు కుంచెకూ గుడ్డకూ చేతికీ అంటేది. గాలిలో పొగమంచులా లేచేది కాదు. గన్ వచ్చి మార్చింది అదే.

గన్ ఎక్కడ పుట్టింది? 1887లో చికాగోలో మార్షల్ ఫీల్డ్ అనే పెద్ద దుకాణం సంరక్షణ పనులు చూసే జోసెఫ్ బింక్స్, నేలమాళిగ గోడలకు సున్నం కొట్టించాల్సి వచ్చి, చేత్తో ఒత్తే పంపుతో సున్నం నీళ్లను చిమ్మే యంత్రం చేశాడు. ఆరేళ్లకు, 1893లో, అదే ఊళ్లో ప్రపంచ ప్రదర్శన పెట్టారు. భారీ భవనాలు, తక్కువ గడువు. కుంచెలతో అయ్యే పని కాదని గొట్టాలతో తెల్లరంగు చిమ్మించారు, దానికి శ్వేతనగరం అని పేరే పడిపోయింది. ఆ ప్రదర్శనతో పాటు జరిగిన సర్వమత సభలో వివేకానందుడు మాట్లాడిన సంగతి అందరికీ తెలుసు. అదే సభలో ఇస్లాం తరఫున మాట్లాడినవాడు అలెగ్జాండర్ రసెల్ వెబ్ అనే అమెరికన్ నవ్‌ముస్లిం. ఇది మన స్కూలు పుస్తకాల్లో లేదు.

అయితే ఉస్తాద్ చేతిలో ఉన్నట్టి గన్, కప్పు బిగించి ట్రిగ్గర్ నొక్కే గన్, సున్నం పంపు సంతానం కాదు. దాని ఖాందాన్ వేరు. ఒహాయో రాష్ట్రం టొలీడోలో అలెన్ డీవిల్బిస్ అనే గొంతు డాక్టరు ఉండేవాడు. అప్పట్లో గొంతు పుండ్లకు దూదిని పుల్లకు చుట్టి మందులో ముంచి లోపల పూసేవారు. రోగికి వాంతి వచ్చేది, మందు అందాల్సిన చోటికి అందేది కాదు. డాక్టరు ఒక రబ్బరు బుడగ, ఒక సన్నటి గొట్టం కలిపి, బుడగ నొక్కితే మందు తుంపరలై గొంతులోకి పోయే సాధనం చేశాడు. 1888లో దానికి కంపెనీ పెట్టాడు. కొడుకు థామస్ అదే సూత్రంతో అత్తరు చిమ్మే సీసాలు చేశాడు, అవి సింగారానికి పేరు పడ్డాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలోనే అదే సూత్రంతో రంగు చిమ్మే గన్ కూడా చేశాడు. గాలి వేగంగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గి ద్రవం పైకి లేస్తుంది, ముక్కలై తుంపరవుతుంది. మొదట దవా, తర్వాత ఇత్ర్, తర్వాత రంగు. గొంతులోకి మందు పంపడానికి తయారైన వస్తువు ఇది. ఊపిరితిత్తుల దాకా వెళ్లగలిగేంత సన్నటి తుంపర చేయడమే దాని హునర్. ఆ హునర్ రంగుకు అంటిపెట్టుకునే వచ్చింది.

గన్‌కు జోడీ 1923లో దొరికింది. డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్‌తో డూకో అనే లాకర్ తెచ్చింది, జనరల్ మోటార్స్ వాళ్లు దాన్ని ఓక్‌లాండ్ కార్లకు వేశారు. అంతకుముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది. డూకో నిమిషాల్లో ఆరుతుంది. ఎంత త్వరగా అంటే, కుంచెతో వేస్తే గీత సర్దుకునేలోపే గట్టిపడుతుంది. కాబట్టి డూకో వేయాలంటే గన్ ఉండాల్సిందే. ఈ నికాహ్ మనదాకా వచ్చింది. ఇవాళ్టికీ మన దగ్గర తలుపుకు గన్‌తో నున్నగా రంగు కొడితే, డబ్బా ఏ కంపెనీదైనా, "డూకో కొట్టించాం" అంటారు. నిర్మల్ చిత్రాలు, బొమ్మల మీద మెరిసేది కూడా డూకోనే. చింతగింజల అంబలి పూసి, ఆకుల, రాళ్ల రంగులు వేసిన కాలం నుంచి ఆ కారీగర్లు అక్కడికి చేరారు.

అమెరికాలో 1920లలో పెయింటర్ల యూనియన్ ఈ గన్ మీద పెద్ద లడాయి చేసింది. పనివాళ్ల సంఖ్య తగ్గిపోతుందన్న భయం ఉంది, దాచనక్కర్లేదు. కానీ వాళ్లు ఇంకో మాట కూడా అన్నారు: రంగులో సీసం ఉంది, థిన్నర్‌లో బెంజీన్ ఉంది, కుంచెతో అయితే అది గోడకు పోతుంది, గన్‌తో అయితే మా ఛాతీలోకి వస్తుంది. గన్ గెలిచింది. పని గంటల్లో అయిపోతుంటే ఛాతీ లెక్క ఎవడు రాస్తాడు?

మా వైపు గన్ సడక్ మీద వచ్చింది. నా బచ్‌పన్‌లో అది తొమ్మిదో నంబరు హైవే, ఇప్పుడు 65. హైదరాబాద్ నుంచి సూర్యాపేట, కోదాడ మీదుగా బెజవాడ. బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు, రంగులు వేసేవారు. ఆ పని నేర్చుకున్న కుర్రాళ్లు సడక్ పొడవునా డెంటింగ్, పెయింటింగ్ షెడ్లు పెట్టారు. వాళ్లలో మనవాళ్లు చాలామంది. జీతపు కొలువుల కంటే సొంత చేతిపని మీద బతికే ముస్లింలు ఎక్కువని 2006లో సచ్చర్ కమిటీ రాసింది. మా కోదాడ షెడ్లలో నిలబడి చూసినవాడికి ఆ రిపోర్టు చదవనక్కర్లేదు. మామూ కూడా చప్డా గుడ్డ పక్కన పెట్టి, 1990లలో ఆ షెడ్లలోనే గన్ పట్టాడు. చప్డాకు నాలుగు రోజులు పట్టే తలుపు గన్‌తో పూటలో అయ్యేది. ఆ సంపాదనతోనే ఇద్దరు కూతుళ్ల నికాహ్‌లు చేశాడు. తర్వాత ప్లైవుడ్ కిచెన్ల జమానా వచ్చింది, షెడ్డు గన్ ఇళ్లలోకి నడిచింది. దాంతోపాటు రెండు డబ్బాల పీయూ కూడా.

మామూ మూతికి రుమాల్ కట్టుకునేవాడు. సాయంత్రం ఆ రుమాల్ మీద ఆ రోజు రంగు ఉండేది. పిల్లలం రంగు చూసి ఎవరింట్లో పనో పందెం కట్టేవాళ్లం. యాభై దాటాక దమ్మా వచ్చింది. తహజ్జుద్ వేళ లేచి కూర్చుని ఊపిరి లాగేవాడు. ఏ రంగు వల్ల, ఎవరి ఇంటి వల్ల అని ఎవరి మీదా ఇల్జామ్ వేయను. ఆయన బీడీలు కూడా తాగేవాడు. అల్లా మగ్‌ఫిరత్ చేయాలి.

కానీ పీయూ గురించి చదివాక మాత్రం రుమాల్ సంగతి మనసులోంచి పోలేదు. రెండు డబ్బాల పీయూలో రెండో డబ్బా, హార్డెనర్ అంటారే, దానిలో ఐసోసైనేట్లు ఉంటాయి. భోపాల్‌లో 1984 డిసెంబరు 2, 3 మధ్య రాత్రి జనాన్ని చంపిన మిథైల్ ఐసోసైనేట్‌ది ఇదే ఖాందాన్. అదే మనిషి కాదు, గుణమూ అంత భయంకరం కాదు. కానీ తుంపరగా పీలిస్తే దమ్మా తెప్పిస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత చిటికెడు పీల్చినా ఊపిరి బిగుసుకుంటుంది. హాని చేసే మోతాదులో కూడా దీనికి వాసన తెలియకపోవచ్చు. ముక్కు కాపలా కాయని చోట రుమాల్ ఏం కాస్తుంది?

ఇప్పుడు ఉస్తాద్ ప్రశ్నకు రావచ్చు. ఆయన ముందున్నవి మూడు దారులు.

మొదటిది పాత పద్ధతి గన్, కంప్రెసర్‌తో. ఫినిష్‌లో దానికి సాటి లేదు, చేయి అలవాటైనది. కానీ ఎక్కువ ఒత్తిడితో కొడుతుంది కనుక, చల్లిన రంగులో మూడోవంతు అటూ ఇటూగా మాత్రమే చెక్కకు అంటుతుంది. మిగతాది గాలిలో, గోడల మీద, మనిషిలో.

రెండోది హెచ్‌వీఎల్‌పీ. గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. గన్ మూతి దగ్గర ఒత్తిడి 10 పీఎస్ఐ దాటదు. దక్షిణ కాలిఫోర్నియాలో పొగమంచు కాలుష్యం మీద కట్టుదిట్టం చేసినప్పుడు, కొట్టిన రంగులో కనీసం 65 శాతం వస్తువుకు అంటే గన్‌లే వాడాలన్నారు. ఈ రకం పెరిగింది ఆ కానూన్ల వల్లే. ఇందులో మళ్లీ రెండున్నాయి. కంప్రెసర్‌కు తగిలించేది చాలా గాలి తాగుతుంది, చిన్న కంప్రెసర్ ట్యాంకు మధ్యలో ఖాళీ అయ్యి షట్టర్ సగంలో రంగు ఉమ్ముతుంది. చేతిలో పట్టుకునే కరెంటు టర్బైన్‌ది సొంతంగా గాలి ఊదుకుంటుంది. కాకపోతే మోత ఎక్కువ, చిక్కటి రంగును మోయలేదు. రంగును వడగట్టి, కప్పుతో చిక్కదనం కొలిచి పలచన చేయాలి. ఓపిక లేనివాడు కొడితే నారింజ తొక్కలా గుంటలు పడతాయి.

మూడోది ఎయిర్‌లెస్. గాలి లేకుండా రంగునే రెండు మూడు వేల పీఎస్ఐతో తోస్తుంది. అపార్టుమెంటు గోడలకు సరే, పద్దెనిమిది షట్టర్లకు దండగ. పైగా దాని మూతికి వేలు అడ్డం పెడితే రంగు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినట్టే ఉంటుంది, తర్వాత వేలు తీసేయాల్సి రావచ్చు. అలా తగిలితే పసుపు పెట్టి ఊరుకోకండి, ఫౌరన్ ఆస్పత్రికి పోవాలి.

ఉస్తాద్ మొగ్గు మొదటిదాని వైపే. "చేయి దానికి రవాణా అయింది భాయ్" అన్నాడు. అలాగే కొనేవాళ్లమేమో. మిర్యాలగూడ అడ్డం వచ్చింది.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక మిర్యాలగూడ వడ్ల ఊరైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ రాయి వేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత పుట్టిన రైస్‌మిల్లుల లెక్క మీకు తెలిసిందే. బాయిలర్లలో ఊక కాలుతుంది, నల్లటి బూడిద గాలిలో తేలుతుంది. ఆరేసిన తెల్ల కుర్తా మీద అది ఎలా వాలుతుందో మిర్యాలగూడ ఆడవాళ్లను అడగండి. తడి రంగు మీద కూడా అలాగే వాలుతుంది. కిటికీలు తెరిచి కొడితే షట్టర్ మీద బూడిద. కిటికీలు మూసి కొడితే ఛాతీలో రంగు. మామూ వాళ్లు ఎప్పుడూ కిటికీలే మూసేవారు. ఇల్లుగలవాళ్లు అడిగేది షట్టర్ నున్నగా ఉందా అనే కదా. మేమూ 2010లో అదే అడిగాం. పని చేసినవాడు మూసిన గదిలోంచి కళ్లు తుడుచుకుంటూ రావడం నాకు గుర్తుంది. చాయ్ ఇచ్చాం. అంతే. కూలీకి చెమట ఆరకముందే మజూరీ ఇవ్వాలన్న మాట మనకు చిన్నప్పటి నుంచీ ఎరుకే, ఇచ్చాం కూడా. ఊపిరి లెక్క మా హిసాబ్‌లో లేదు.

ఈసారి మాస్క్ కొనిద్దామనుకున్నాను. బొగ్గు గుళికలు బిగించే రబ్బరు మాస్క్. ధర చూస్తే ఒక షట్టర్ ఖర్చు దాటదు. అప్పుడు ఇంకో చిక్కు. రబ్బరు మాస్క్ చర్మానికి అతుక్కుంటేనే పనిచేస్తుంది. ఉస్తాద్‌కు పిడికెడు దాడీ. దాడీ మీద మాస్క్ కూర్చోదు, సందుల్లోంచి గాలి లాగేస్తుంది. పెద్ద కంపెనీల్లో దీనికి ఇలాజ్ ఉంది, తల మొత్తం కప్పే టోపీ, దాన్లోకి నడుముకున్న ఫ్యాను శుభ్రమైన గాలి ఊదుతుంది. అది మా తాహతుకు మించింది. దాడీ తీయమని నేను అడగను, ఆయన తీయడు. మామూకూ దాడీ ఉండేదని ఆయనే అన్నాడు, చాలాసేపు ఫోన్‌లో ఇద్దరం ఊరుకున్నాం.

దాంతో గన్ కంటే ముందు రంగు తేలిపోయింది. రెండు డబ్బాల పీయూ వద్దు. నీళ్లతో కలిపే ఒకే డబ్బా రంగు. నీళ్ల రంగుల్లో కూడా కొన్ని రెండో డబ్బాతో వస్తాయి, దాని మీద ఐసోసైనేట్ అని ఉందేమో చదివి కొనండి. నీళ్లదని మోసపోవద్దు. డూకో కూడా వద్దన్నాను, దాని థిన్నర్ ఆవిరి గ్యాస్ పొయ్యి ఉన్న గదిలో ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. రంగు తేలాక గన్ దానంతటదే తేలింది: చేతి టర్బైన్, హెచ్‌వీఎల్‌పీ. షట్టర్లు పీయూ అంత గట్టిగా ఉండకపోవచ్చు. అయిదారేళ్లకు మళ్లీ పూత అడగొచ్చు. మళ్లీ వేయిద్దాం.

చోటు కూడా మార్చాం. షట్టర్లకు వెనక పెన్సిల్‌తో నంబర్లు వేసి, కబ్జాలు విప్పి, ట్రాలీ ఆటోలో హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు, మా ఇంటి వెనక రేకుల షెడ్డుకు తెచ్చాం. మూడు వైపులా గాలి, దగ్గర్లో మిల్లు లేదు. జిడ్డు కడగడానికే ఒక రోజు పట్టింది. గీకే పని తడిపి చేయించాను. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించకూడదన్న రూల్ 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, మా మెరూన్ అంతకు ఏడేళ్ల ముందుది. ఉప్పు కాగితాన్ని, ఉస్తాద్ మాటల్లో రేగ్‌మాల్‌ని, నీళ్లలో ముంచి రుద్దితే దుమ్ము లేవదు, బురదై కారుతుంది. తర్వాత లప్పం, ప్రైమర్.

మొదటి షట్టర్ మీద నారింజ తొక్క పడింది. ఉస్తాద్ గన్ కింద పెట్టి నా వైపు చూసిన చూపు మీరు చూడాల్సింది. రంగులో ఇంకో గ్లాసు నీళ్లు కలిపి, గుడ్డతో వడగట్టి, ఆరిన షట్టర్‌ను మళ్లీ రుద్ది కొట్టాడు. నాలుగో షట్టర్‌కు చేయి కుదిరింది. ఫజ్ర్ అయ్యాక గాలి లేవకముందు రెండు గంటలు, అంతే, రోజుకు ఆరు షట్టర్లు. మాస్క్ పెట్టుకున్నాడు, దాడీ సందుల సంగతి ఇద్దరికీ తెలుసు కనుక గాలికి ఎగువన నిలబడి కొట్టాడు. సాయంత్రం మాస్క్ విప్పి లోపలి తెల్ల గుడ్డ నాకు చూపించాడు. తెల్లగానే ఉంది, అంచుల్లో, దాడీ తగిలే చోట, లేత నీలం గీత.

నేమత్‌ఖానాకు కూడా అదే నీలం కొట్టించనా అని అమ్మీని అడిగాను. ఆ ఆకుపచ్చ ఎప్పటిదో, దాన్లో ఏముందో, గీకొద్దని నేనే చెప్పబోతున్నాను. ఆమె అంతకుముందే, "దాన్ని ముట్టకండి, అది మామూ చేతి రంగు" అంది. వరండాలో ఉల్లిగడ్డలతో అలాగే ఉంది.